పాత డీజిల్ లారీ స్టార్టు కానప్పుడు కారణమును కనుగొను విధము

పంట కోసి కళ్లము చేర్చుటతో రైతు పని ముగియదు. సరకు సకాలమున మార్కెట్టునకు చేరిననే శ్రమకు ఫలము దక్కును. కోసిన చెరకు నిలువయున్నకొలది తూకమును, చక్కెర పాలును తగ్గిపోవును. అందుచేతనే దానిని 24 గంటలలోపల గానుగకు చేర్పవలెనని చెప్పుదురు. టమాటా అంతకంటెను తొందరపెట్టును. మిరపకాయలు, పసుపు చెడకపోయినను, ఆనాటి బేరము తప్పుటయు, కూలి దండుగయగుటయు తప్పవు. ఇట్టి సమయమున సరకు నింపియుంచిన సొంత లారీ తెల్లవారుజామున స్టార్టు కాకున్న యెడల రైతునకు కలుగు కష్టము చెప్పనలవి కాదు.

అప్పుడు సాధారణముగ జరుగునది ఇది. మొదట తాళపుచెవిని మరల మరల త్రిప్పి బ్యాటరీని ఖాళీ చేయుదురు. పిమ్మట పదిమందిని పిలిచి బండిని త్రోయింతురు. అదియు ఫలింపకున్న, డీజిల్ పంపే చెడినదని నిశ్చయించి దానిని విప్పి పట్టణమునకు పంపుదురు. దినములు గడచును, రూకలు వ్యయమగును. తుదకు దోషము వదులైన ఒక తీగయందో, అరిగిన ఒక రాగి వాషరునందో బయటపడును. ఎక్కువ ఖరీదైన భాగము ఎక్కువ తరచుగ చెడునని తలచుట పొరపాటు. తరచుగ చెడునవి బ్యాటరీ కొనలు, ఫిల్టరు, రబ్బరు గొట్టములు మొదలగు చౌక వస్తువులే. కావున ఊహపై ఏ భాగమును విప్పక, ఈ క్రింద వివరించిన క్రమమున పరీక్షించుట మేలు.

ఈ వివరణము యాంత్రికమైన డీజిల్ పంపు గల పాత లారీలకు మాత్రమే వర్తించును. 1954లో టాటా వారు జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ వారితో కూడి జంషెడ్‌పూరున లారీలను నిర్మింప నారంభించిన నాటినుండి చిరకాలము మన బాటలపై తిరిగిన డీజిల్ లారీలు ఈ తరగతివే. కంప్యూటరు అదుపున పనిచేయు క్రొత్త లారీలలో డీజిల్ గొట్టములయందలి ఒత్తిడి మిక్కిలి హెచ్చు. వాని గొట్టములను రైతులు వదులు చేయరాదు.

ఇంజను పనిచేయు విధము

రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో జయప్రదముగ నడపి చూపిన ఇంజనులో నిప్పురవ్వను పుట్టించు ప్లగ్గు లేదు. నేటికిని డీజిల్ ఇంజను లక్షణ మిదియే. సిలిండరులోనికి వచ్చిన గాలిని పిస్టను పదునారవ వంతునకో, అంతకు తక్కువకో అదిమివేయును. అట్లదుముటచే ఆ గాలి 500 సెంటిగ్రేడు డిగ్రీలకు మించి కాగును. అప్పుడు నాజిలు ద్వారా సన్నని తుంపరగా వచ్చిన డీజిల్ తనంతట తానే మండును.

దీనినిబట్టి ఇంజను స్టార్టగుటకు మూడు కావలెనని తెలియుచున్నది: తగిన వేగముతో తిరుగుట, గాలి చక్కగ అదుమబడుట, డీజిల్ సన్నని తుంపరగా వచ్చుట. ఇంజను నెమ్మదిగ తిరిగినచో గాలియందు పుట్టిన వేడిమి సిలిండరు గోడలలోనికి పోయి, డీజిల్ అంటుకొనదు. ఇంజను తిరుగుచున్నదిగదా యని తృప్తిపడరాదు. నిమిషమునకు 100 చుట్లకు పైగా తిరుగుచున్నదా యని విచారింపవలెను.

పరీక్షకు ముందు

బండిని చదునైన నేలపై నిలిపి, గేరును న్యూట్రలునందుంచి, హ్యాండు బ్రేకు వేసి, చక్రములకు ముందు వెనుకల రాళ్లు పెట్టవలెను. బ్యాటరీ దగ్గర బీడీ, చుట్ట, దీపము ఉండరాదు. దానినుండి వెలువడు హైడ్రోజను వాయువు నిప్పు తగిలినంతనే ప్రేలును. బ్యాటరీని విప్పునప్పుడు ఎర్తు తీగను మొదట తీయవలెను. బిగించునప్పుడు దానినే కడపట బిగింపవలెను. సెల్ఫు అని వ్యవహరింపబడు స్టార్టరు మోటారును ఒక్కసారికి 10 సెకండ్లకంటె ఎక్కువ త్రిప్పరాదు. పిమ్మట ఒకటి రెండు నిమిషములు దానికి విశ్రాంతి నీయవలెను.

తరువాత రెండు ప్రశ్నలకు మాత్రము సమాధానము కనుగొనవలెను. ఇంజను తిరుగుచున్నదా? తిరుగునప్పుడు సైలెన్సరు గొట్టమునుండి పొగ వచ్చుచున్నదా? దోషము ఏ వైపుననున్నదో ఈ రెండే చెప్పును.

మొదటి ప్రశ్న: ఇంజను తిరుగుచున్నదా?

తిరుగకున్నను, మెల్లగ తిరిగినను, డీజిల్ వైపు చూడనక్కరలేదు. దోషము విద్యుత్తునందుగాని, సెల్ఫునందుగాని, బిగిసిపోయిన ఇంజనునందుగాని ఉండును. ముందరి పెద్ద దీపములను వెలిగించి, ఒకరు తాళపుచెవి త్రిప్పుచుండగా వేరొకరు దీపములను చూచుచు శబ్దమును వినవలెను.

1. దీపములు క్షీణించి, టకటకమని వరుసగ చప్పుడైనచో బ్యాటరీ ఖాళీయైనదనియో, కొనలు చెడినవనియో గ్రహింపవలెను.

2. దీపములు తగ్గక, చప్పుడేమియు లేకున్నచో తాళపు స్విచ్చియో, సెల్ఫు మీది సోలినాయిడో, వానిని కలుపు సన్న తీగయో చెడియుండును.

3. ఒక్కసారి గట్టిగ చప్పుడై, దీపములు బాగుగ తగ్గి, ఇంజను కదలకున్నచో సెల్ఫు పండ్లు ఫ్లైవీలు పండ్లలో చిక్కుకొనియుండును. లేదా ఇంజనే బిగిసియుండును.

బ్యాటరీ పరీక్ష: రాత్రియంతయు ఊరకయున్న 12 వోల్టుల బ్యాటరీ నిండుగ నున్నచో 12.6 వోల్టులు చూపును. 12.2 చూపిన సగము ఖాళీ. 12కు తక్కువయైన దాదాపు పూర్తిగ ఖాళీ. సెల్ఫు తిరుగునప్పుడును 9.6 వోల్టులకు దిగరాదు. రెండు బ్యాటరీలు వరుసగ కలిపిన 24 వోల్టుల లారీలలో ఈ అంకెలు రెట్టింపు. అచ్చట ఒక్కొక్క బ్యాటరీని వేరుగ పరీక్షింపవలెను, ఏలయన ఒకటి చెడిన రెండవది ఎంత మంచిదైనను ప్రయోజనము లేదు. వోల్టు మీటరు లేనిచో హైడ్రోమీటరుతో ఆమ్లమును చూడవచ్చును. నిండు బ్యాటరీలో 1.26 మొదలు 1.28 వరకు, సగము ఖాళీయైన దానిలో ఇంచుమించు 1.20 ఉండును. ఒక గదిలో తక్కినవాటికంటె 0.05 తక్కువయున్న ఆ గది చెడినదనుట.

కొనల పరీక్ష: బ్యాటరీ నిండుగనుండియు సెల్ఫు తిరుగకపోవుటకు ఎక్కువ తరచుగ కారణము కొనల మీద పట్టిన తెల్లని, పచ్చని బూజు. సెల్ఫునకు వందలకొలది ఆంపియర్ల విద్యుత్తు కావలెను. కొన వద్ద ఒక ఓములో నూరవ వంతు అడ్డుమాత్రమే ఉన్నను, 300 ఆంపియర్లు పోవునప్పుడు 3 వోల్టులు అచ్చటనే నశించును. దీపములకు కావలసిన కొలది ఆంపియర్లు మాత్రము ఆ కొనగుండనే సుళువుగ పోవును. కావున "దీపములు వెలుగుచున్నవి, బ్యాటరీ వైపు దోషము లేదు" అను తీర్పు చెల్లదు. దీనికి పైకములేని పరీక్ష ఒకటి కలదు. సెల్ఫును 10 సెకండ్లు త్రిప్పి వెంటనే ప్రతి కొనను, ప్రతి అతుకును చేతితో జాగ్రత్తగ తాకి చూడవలెను. ఏది వేడెక్కినదో దోషమచ్చటనే యున్నది. దానిని విప్పి, వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, గరుకు కాగితముతో మెరయునట్లు రుద్ది, గట్టిగ బిగించి, పైన వాసెలీను పూయవలెను.

ఎర్తు తీగను మరువరాదు. ఇంజను రబ్బరు దిమ్మలపై కూర్చుండును గనుక, విద్యుత్తు చాసిసుకు తిరిగి చేరుటకు ఆ తీగయే దారి. దాని రెండు కొనలను చాసిసు వద్దను, ఇంజను వద్దను విప్పి తుడిచి మరల బిగించుట ఒక గంటలో నగు పని.

సెల్ఫు: కొనలు బాగుండియు కదలనిచో, వేరొకరు చెవి త్రిప్పుచుండగా సెల్ఫు ఒంటిపై చిన్న సుత్తితో మెల్లగ తట్టవచ్చును. అంతట తిరిగినచో లోపలి కార్బను బ్రష్షులు అరిగినవని తెలిసికొనవలెను. ఆనాటికి సరకు చేరును. మరునాడే వానిని మార్పింపవలెను. పండ్లు చిక్కుకొన్నట్లు తోచినచో, చెవి తీసివేసి, రాళ్లు తొలగించి, టాపు గేరునందుంచి, బండిని ముందునకు వెనుకకు ఊపినచో తరచుగ విడిపోవును.

బిగిసిన ఇంజను: గేరు న్యూట్రలునందుండగా, క్రాంకు పుల్లీ నట్టునకు పెద్ద పానా వేసి చేతితో త్రిప్పవలెను. రెండు పూర్తి చుట్లు తిరిగినచో ఇంజను బిగిసిపోలేదు. ఒక చోట ఆగిపోయినచో బలముతో త్రిప్పరాదు. రేడియేటరు నీరు సిలిండరులోనికి దిగియుండవచ్చును. నీరు అదుమబడునది కాదు గనుక కనెక్టింగు రాడ్డు వంగిపోవును. రేడియేటరు నీరు బయట కారకయే తగ్గుచుండుటయు, ఇంజను ఆయిలు పాలవలె తెల్లబారుటయు దీనికి గుర్తులు. నాజిళ్లు తీయించిన పిదపనే ఇంజనును త్రిప్పవలెను.

రెండవ ప్రశ్న: పొగ వచ్చుచున్నదా?

ఇంజను తగిన వేగముతో తిరుగుచుండియు స్టార్టు కానప్పుడు, పగటి వెలుతురున ఒకరు సైలెన్సరు గొట్టమును చూడవలెను. పొగ లేకున్న సిలిండరులోనికి డీజిల్ పోవుటలేదు. తెల్లని పొగ వచ్చినచో డీజిల్ పోవుచున్నది గాని మండుటలేదు. నల్లని పొగ వచ్చినచో మండుచున్నది గాని గాలి చాలుటలేదు.

పొగ లేనప్పుడు ఈ వరుసను చూడవలెను.

మొదట ఇంజనును ఆపు స్టాపు బుడిపెను చూడవలెను. దాని తీగ త్రుప్పుపట్టి లోపలనే నిలిచిపోయినచో, బుడిపె స్వస్థానమునకు వచ్చినట్లు కనబడినను పంపు వద్ద మీట ఆపు స్థానముననే యుండును. పంపు కడకు పోయి మీటను చేతితో కదలించి చూడవలెను.

రెండవది ట్యాంకు. పాత లారీ డీజిల్ ముల్లును నమ్మరాదు. శుభ్రమైన పుల్ల ముంచి చూడవలెను. మూతయందలి సన్న రంధ్రము దుమ్ముతో మూసికొనిన, డీజిల్ ఖర్చయిన చోటికి గాలి రాక ప్రవాహము నిలిచిపోవును. మూత వదులు చేయగానే బుస్సుమని గాలి లోనికి పోయినచో దోషమిదియే.

మూడవది ఫిల్టరు. ఫీడు పంపు గిన్నెలోని జల్లెడను కడుగవలెను. ఫిల్టరు అడుగున మరను వదులు చేసి కొంత డీజిల్‌ను గాజు సీసాలో పట్టి అరగంట యుంచిన, నీరున్నచో అడుగున వేరుగ తేలియగపడును.

నాలుగవది గాలి. డీజిల్ గొట్టములలో గాలి చేరినచో పంపు ఆ గాలినే అదుముచుండును గాని డీజిల్ ముందునకు పోదు. దానిని తీయు విధము: ఫిల్టరు మీది గాలిమరను వదులు చేసి, ఫీడు పంపు మీది చేతి పంపును కొట్టుచుండవలెను. మొదట నురుగు, పిదప బుడగలు వచ్చును; బుడగలు లేని డీజిల్ వచ్చినంతనే కొట్టుచుండగనే మర బిగింపవలెను. తరువాత పెద్ద పంపు మీది గాలిమర వద్దను ఇట్లే చేయవలెను. చేతి పంపు పైకి లాగుటకు బిగువుగ నున్నచో ట్యాంకు నుండి వచ్చు దారి మూసికొనియున్నదనుట. ఎంతసేపు కొట్టినను బుడగలే వచ్చుచున్నచో ఆ దారిలో గాలి పీల్చుకొను సందు ఉన్నదనుట.

ఐదవది నాజిలు గొట్టములు. ఒకటి రెండు నాజిళ్ల వద్ద గొట్టపు నట్టును ఒక చుట్టు వదులు చేసి ఇంజనును త్రిప్పింపవలెను. డీజిల్ చిమ్మిచిమ్మి వచ్చినచో పంపు పనిచేయుచున్నది. నట్టులు బిగించిన వెంటనే తరచుగ ఇంజను స్టార్టగును. ఈ సమయమున చేయిగాని, ముఖముగాని అచ్చట ఉంచరాదు. నాజిలునుండి వెడలు తుంపర చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. అట్లు పోయినచో గాయము సూదిపోటంతయే కనబడినను, ఉపేక్షింపక వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఆలస్యమైన వ్రేలు, చేయి పోవు ప్రమాదము కలదు.

పంపులోనికి గాలి లేని డీజిల్ చేరుచుండియు, స్టాపు మీట సరియైన స్థానముననుండియు, నాజిలు గొట్టములలోనికి ఏమియు రానప్పుడే పంపును శంకింపవలెను. అప్పుడైనను పొలముగట్టున దానిని విప్పరాదు. దాని లోపలి ప్లంజర్ల సందు మిల్లీమీటరులో వెయ్యవ వంతులతో లెక్కింపబడునది. ఒక్క ఇసుక రేణువు దానిని చెరచును.

తెల్లని పొగ వచ్చినప్పుడు చూడవలసినవి వేరు. ఇంజను వేగము చాలుచున్నదా యని మరల ఒకసారి చూడవలెను. హీటరు ప్లగ్గులు గల ఇంజనులో అవి కాగుచున్నవో లేవో టెస్టు దీపముతో చూడవలెను. ఆదిలాబాదు వంటి ప్రదేశములందు శీతకాలపు తెల్లవారుజామున ఈ దోషము స్పష్టముగ బయటపడును. వెచ్చగనున్నప్పుడు సుళువుగ స్టార్టగుచు, చల్లబడినపిమ్మట మాత్రము మొరాయించు ఇంజనులో నాజిళ్లు తుంపరకు బదులు చుక్కలు కార్చుచుండవచ్చును. లేదా రింగులు, వాల్వులు అరిగి గాలి నిలువకుండవచ్చును. ఇంజను నడచునప్పుడు ఆయిలు పోయు మూత తీసిన, గుప్పుగుప్పుమని పొగ వెడలినచో రింగులు అరిగినట్లే. నాజిళ్లను ముందు పరీక్ష చేయించుట మేలు. ఆ ఖర్చు రింగుల పనికంటె మిక్కిలి తక్కువ.

నల్లని పొగ వచ్చినచో గాలి ఫిల్టరును తెరువవలెను. నెలల తరబడి నిలిపిన లారీలో ఎలుకలు గూడు కట్టుటయు, కందిరీగలు మట్టితో దారి మూయుటయు కలదు.

స్టార్టయి వెంటనే ఆగిపోవుట

సాయంకాలము చక్కగ నడచిన లారీ ఉదయమున ఒకసారి స్టార్టయి, అరనిమిషములో ఆగి, మరల కదలకుండుట చాలమంది రైతులకు అనుభవమే. రాత్రి గొట్టములలోని డీజిల్ వెనుకకు ట్యాంకులోనికి దిగి, దాని చోట గాలి చేరినదని దీని యర్థము. పంపులో మిగిలిన కొద్ది డీజిలే ఆ అరనిమిషము ఇంజనును నడపినది.

ఈ సందును కనుగొనుట కష్టము. ఏలయన ట్యాంకునకు, ఫీడు పంపునకు నడుమనున్న గొట్టము పీల్చు గొట్టము. దానిలోని సందునుండి డీజిల్ బయటకు కారక, గాలియే లోనికి పోవును. నేలపై చుక్క పడలేదు గనుక సందు లేదని తలచరాదు. ఫీడు పంపునకు ముందు మూరెడు తెల్లని పారదర్శకమైన డీజిల్ గొట్టమును తాత్కాలికముగ అమర్చి చూచినచో బుడగలు కంటికి కనబడును. కనబడినచో దోషము ట్యాంకు వైపున ఉన్నది. పగిలిన రబ్బరు గొట్టములను, అణగిన రాగి వాషర్లను మార్చవలెను. పాత వాషరునే మరింత బిగించుటవలన ప్రయోజనము లేదు.

చేయరాని పనులు

గాలి బ్రేకులు గల లారీని ఇంజను నడవకుండగా పల్లమునకు వదలుటగాని, ట్రాక్టరుతో లాగించుటగాని ప్రమాదకరము. గాలి నిండని యెడల కాలిబ్రేకు పట్టదు. సరకు నిండిన బండి ఆగక మనుషులమీదికి పోవును.

గాలి దారిలో ఈథరు చిమ్ముట, పెట్రోలు పోయుట తగదు. హీటరు కాగియున్నప్పుడు అది ప్రేలి పిస్టనును, రింగులను విరుగగొట్టును. బండి క్రింద పరుండి సెల్ఫు కొనలను పానాతో కలుపరాదు; గేరులోనున్నచో బండి ఒక్కసారిగ కదలి ప్రాణము తీయును. వేరొక బండి బ్యాటరీతో కలుపునప్పుడు రెండిటి వోల్టులు సమానమై యుండవలెను. ప్లస్సును ప్లస్సుకు ముందుగ కలిపి, మైనస్సు తీగ రెండవ కొనను ఖాళీ బ్యాటరీకి దూరముగ ఇంజను ఇనుమునకు తగిలింపవలెను.

ముందు జాగ్రత్త

రాత్రి నిలుపునప్పుడు ట్యాంకు నిండుగ నున్నచో లోపల చెమ్మ పట్టి నీరగుట తగ్గును. వానకాలమున నెలకొకసారి ట్యాంకు అడుగు మరను విప్పి నీటిని, మడ్డిని తీయవలెను. ఇంజను నడచునప్పుడు 12 వోల్టుల బ్యాటరీ 13.8 మొదలు 14.4 వోల్టుల వరకు చూపవలెను. తక్కువయైన ఫ్యాను బెల్టును, ఆల్టర్నేటరును చూపింపవలెను, లేనిచో క్రొత్త బ్యాటరీయు వారములో ఖాళీయగును. పంటకు పంటకు నడుమ లారీని నిలిపియుంచినచో ఎర్తు తీగ తీసి, నెలకొకసారి బ్యాటరీకి చార్జి పెట్టింపవలెను. ఒక ఫిల్టరు, కొన్ని రాగి వాషర్లు, రెండు మూరల డీజిల్ గొట్టము, ఒక బెల్టు, టెస్టు దీపము, తగిన పానాలు బండిలో ఎల్లప్పుడు ఉండవలెను.

సంగ్రహము

ఇంజను తిరుగకున్న: బ్యాటరీ, కొనలు, ఎర్తు తీగ, సెల్ఫు, కడపట పానాతో ఇంజను.

తిరిగియు పొగ లేకున్న: స్టాపు మీట, ట్యాంకు, ఫిల్టరు, గాలి, నాజిలు గొట్టములు, కడపట పంపు.

తెల్లని పొగయైన: వేగము, హీటరు, నాజిళ్లు, కడపట రింగులు, వాల్వులు.

నల్లని పొగయైన: గాలి ఫిల్టరు.

స్టార్టయి ఆగిన: ట్యాంకునకు, ఫీడు పంపునకు నడుమనున్న గొట్టము.

మేస్త్రీని పిలువవలసివచ్చినను, "లారీ కదలుటలేదు" అనక, "సెల్ఫు బాగుగ తిరుగుచున్నది, పొగ లేదు, చేతి పంపునకు బుడగలే వచ్చుచున్నవి" అని చెప్పగల రైతు పని ఆ పూటనే ముగియును. పంట కోతకు వారము ముందుగనే ఈ పరీక్షలన్నిటిని ఒకసారి జరిపి చూచుకొనినచో, సరకు నింపిన నాడు తెల్లవారుజామున వెదకికొన నక్కర కలుగదు.